ఎల్లమ్మ నిలవెట్టిన గడప

కృష్ణానగర్ గల్లీలల్ల ఎల్లమ్మ అంటె తెల్వనోళ్లు లేరు. పొద్దుగాల చాయ్ బండికాడ సినిమా సెట్టు పనికి పోయెటోళ్లు గుంపుగ నిలవడుతరు గద, ఆ గుంపుల అందరికన్న ఎత్తు మనిషి, అందరికన్న పెద్ద గొంతు ఆమెదే. మోచేతుల దాక ప్లాస్టర్ తెలుపు పట్టుకపోయి ఉంటది. ఎన్ని నీళ్లు పోసి రాకినా పోదు. "ఏంది ఎల్లమ్మా, చేతులకు పౌడర్ కొట్టినవా?" అని ఎవరన్న మజాక్ చేస్తె, "అవ్ బిడ్డా, నా చేతులకు వేరే మేకప్‌మ్యాన్ ఉన్నడు" అంటది.

ఆ చేతులు ఎన్ని ఇండ్లు లేపినయో ఆమెకే లెక్క లేదు. గోనెబట్టను ప్లాస్టర్ల ముంచుడు, అచ్చుల పరుసుడు, ఆరినంక పైలంగ ఊడదీసుడు, ఇదే పని. మీరు తెర మీద చూసే రాతి స్తంభాలు, గుడి గోపురాలు, రాజుల గద్దెలు అట్ల పుట్టినయే. హీరోయిన్ తాతగారి ఇల్లని మీరు మురిసిపోయే మండువా ఇంటికి నునుపు పట్టింది మా ఎల్లమ్మనే. షూటింగ్ అయిపోయినంక సుత్తె అందుకొని దాన్ని పలగ్గొట్టింది సుత ఆమెనే. ఇన్ని కట్టి, తాను ఉండుడు మాత్రం ఒక్క రూముల, కిరాయికి.

ఆమె పెనిమిటి బాలనర్సయ్య సెట్టు కార్పెంటర్. సిద్దిపేట దిక్కు నుంచి కొత్త పెండ్లాన్ని ఎంబడి పెట్టుకొని వచ్చినప్పటి సంది దర్వాజలు చేసుడే ఆయన పని. గొడవ మనిషి కాదు, మాట తక్కువ. గని ఒక్క కాడ మాత్రం మొండోడు. సెట్టుల నిలవెట్టే గడపకు సుత పసుపు రాసి, బొట్టు వెట్టి, అప్పుడు మొల కొట్టెటోడు. "అరే నర్సన్నా, రేపు ఇరగ్గొట్టే గడపకు పసుపు ఏందే?" అని తోటోళ్లు నవ్వెటోళ్లు. "ఇరిగే దాక అది గడపనే గదరా" అనెటోడు ఆయన.

అసుంటి మనిషి పోయిన దినం ఏమైందో వినుండ్రి. నాలుగేండ్ల కింద, వానకాలం. సెట్టు మీదనే ఛాతి పట్టుకొని కూలవడ్డడు, దవాఖానకు పోయేసరికే అయిపోయింది. అంబులెన్స్ తెచ్చి ఇంటి ముందల ఆపితె గేటుకు తాళం. ఇంటి ఓనర్ వెంకటేశ్వరరావు గేటు అవతల గొడుగు పట్టుకొని నిలవడ్డడు. భీమవరం దిక్కాయన, మూడంతస్తుల ఇల్లు, రూముకో సంసారం. చెడ్డోడు అని అనలేం, పండుగొస్తె అందరికి పులిహోర పంపుతడు. ఆయన అన్నది ఇది: "ఏమనుకోకు ఎల్లమ్మా. అద్దె ఇంట్లో శవాన్ని దింపితే మిగతా వాళ్ళు ఖాళీ చేసి పోతారు. పదకొండో రోజు అయ్యేదాకా నువ్వు కూడా ఎక్కడైనా సర్దుకో. నన్ను అర్థం చేసుకో."

ఈ పట్నంల ఇది కొత్త ముచ్చటేం కాదు. కిరాయికి ఉన్నోనికి బతికే హక్కున్నది గని సచ్చే హక్కు లేదు. థూ, ఏం రివాజో ఏమో! బాలనర్సయ్యను గల్లీ మలుపుల ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పండవెట్టిన్రు. సన్న జల్లు. ఎవరో ఒక హీరో పుట్టినరోజు ఫ్లెక్సీ పీక్కొచ్చి నాలుగు దిక్కుల పట్టుకున్నరు. ఆ హీరో నవ్వే మొకం మీది నుంచి నీళ్లు కారి బాలనర్సయ్య కాళ్ల మీద పడ్డయి. స్నానం సుత రోడ్డు మీదనే, బండ్లు హారన్ కొట్టుకుంట పోతుంటె. ఆ దినం ఒక ముసలామె తన గొడుగు తెచ్చి, తాను తడుసుకుంట, ఆయన మొకం మీద పట్టుకొని పాడె లేసే దాక కదలలేదు. ఆమెనే పక్క రూము జగదాంబ.

ఆ పదకొండు దినాలు ఎల్లమ్మ సెట్టు గోదాంల ఉన్నది, ప్లాస్టర్ స్తంభాల నడుమ. బాలనర్సయ్య ఫోటోను అక్కన్నే ఒక స్తంభానికి తగిలించింది. తిరిగి రూముకు వచ్చినప్పుడు దాన్ని తేలే. "మనిషిని రానియ్యని ఇంట్లకు ఫోటో ఎందుకు?" అన్నది. ఈ ఏడు వానల దాక ఆ ఫోటో గోదాంలనే ఉన్నది.

జగదాంబ గురించి జర చెప్పాలె. రాజమండ్రి నుంచి నాటకాల పిచ్చితోని వచ్చి జూనియర్ ఆర్టిస్టుగ ఆగిపోయిన మనిషి. తెర మీద ఆమె చెయ్యని పని లేదు. పెండ్లిళ్లల్ల అక్షింతలేసింది, కోర్టుల బెంచీ మీద కూసున్నది, జమీందార్లు సస్తె వెనక వరుసల కూసోని ఏడ్చింది. "ఏడుపు సీన్లకి నన్నే పిలిచేవాళ్ళే అమ్మాయ్. గ్లిజరిన్ ఖర్చు ఉండదని" అని గొప్పలు పోతది. పెండ్లి చేసుకోలే. ముందు వెనక ఎవ్వరు లేరు. ఎల్లమ్మ ఆమెను పెద్దమ్మ అంటది, పొద్దున లేస్తె ఇద్దరు కొట్లాడుకుంటరు, మాపటికి ఒక్క గిన్నెల తింటరు.

ఈ ఏడు వానలు షురువయ్యే ముందు జగదాంబ మంచం పట్టింది. డాక్టర్ చూసి, ఇంటికి తీస్కపోయి ఇష్టమైంది పెట్టుమన్నడు. దాని అర్థం ఏందో ఇద్దరికీ తెలుసు. ఆ సాయంత్రం ఎల్లమ్మ గంజి తాగిస్తుంటె ముసలామె చెయ్యి పట్టుకున్నది.

"చావంటే నాకు భయం లేదే. ఎన్ని చావులు చూశాను, అన్నీ యాక్షన్, కట్ అయినా సరే! కాని నన్ను ఆ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పడుకోబెట్టకే ఎల్లమ్మా. ఒక కప్పు కింద పడుకుని, ఒక గడప దాటి వెళ్ళాలని ఉంది. అంతే."

"నా మీద ఒట్టు పెద్దమ్మా. నిన్ను రోడ్డు మీద పెట్టనియ్య. గడప దాటే పోతవు."

ఒట్టయితె పెట్టింది గని, గడప ఏడికెల్లి తేవాలె? తెల్లారి వెంకటేశ్వరరావు పండ్లు పట్టుకొని రానే వచ్చిండు. గుమ్మంలకు రాలే, బయటనే నిలవడ్డడు.

"ఆవిడ సంగతి విన్నాను, పాపం. ఏదైనా ఆశ్రమం చూస్తే నేనే కారులో పంపిస్తాను. ఇక్కడ మాత్రం... నీకు తెలియంది ఏముంది ఎల్లమ్మా."

ఎల్లమ్మకు కోపం నెత్తికెక్కింది. "పానం ఉండంగనే ఎల్లగొడ్తున్నవా సార్? పొయినసారి నా పెనిమిటిని ఆపినప్పుడు నోట్లె మాట రాలే నాకు. ఇప్పుడు వస్తది. నీ ఇల్లు నీకు సల్లగుండని. మా ఇల్లు మేమే కట్టుకుంటం."

"ఇల్లా? ఎక్కడ?"

"గల్లీ చివర్న. వినాయకుని మండపం ఏసే జాగల."

ఆయన నవ్విండు. వినాయకుని కమిటీకి ప్రెసిడెంటు ఆయననే. "అది కమిటీ స్థలం అమ్మా. చావులకి ఇస్తారా ఎవరన్నా? అడ్డంగా ఏదన్నా కడితే కంప్లైంట్ ఇవ్వాల్సొస్తుంది."

"ఇచ్చుకో. ఏటేటా ఆ మండపం కట్టేది ఎవరు సార్? కట్టెలు మావి, రంగులు మావి, చేతులు మావి. దేవునికి తొమ్మిది దినాలు గల్లీ మూసినప్పుడు లేని లొల్లి మనిషికైతె ఎందుకొస్తది? ఆ దేవుడు సుత అద్దెకుండేటోడే, పదో దినం నువ్వే నీళ్లల్ల కలుపుతవు!"

ఓనర్ పండ్లు కిటికీల పెట్టి పోయిండు.

ఇగ చాయ్ బండికాడికి నడిచింది ఎల్లమ్మ. అక్కడ ఓదెలు ఉన్నడు, బాలనర్సయ్య సోపతిగాడు, కార్పెంటర్ల పెద్ద. లైట్‌మ్యాన్ తిరుమలేశ్ ఉన్నడు. పెయింటర్లు, బట్టలు కుట్టే ఆడోళ్లు, మౌల్డింగోళ్లు అందరున్నరు. సంగతి చెప్పింది. ఓదెలు చెవులు మూసుకున్నడు.

"ఏందే ఎల్లవ్వా! మనిషి బతికుండంగ సావుకు సెట్టు ఏస్తమా? పాపం తగులుతది."

"ఓదెలన్నా, నువ్వు ఉండేది సొంతిల్లా?"

"నాకెక్కడిదే సొంతిల్లు?"

"నీదిరా తిరుమలేశూ?"

"కిరాయే అక్కా."

ఒక్కొక్కరి మొకం చూసుకుంట అడిగింది. అందరిది ఒక్కటే జవాబు. "మరి రేపు మిమ్ముల ఏడ పండవెడ్తరే? ట్రాన్స్‌ఫార్మర్ కాడ జాగ పట్టి ఉంచిన్రా? ఎవడో ఒక్కడి తాతగారి ఇల్లని జిందగీ అంత కట్టినం. మనకోసం ఒక్క దర్వాజ నిలవెట్టలేమా? కట్టి, ఊడదీసి, గోదాంల పెడదాం. ఎవరికి అవసరమొస్తె వాళ్ల గల్లీకి తీస్కపోదాం."

చాయ్‌లు సల్లారిపోయినయి. ఓదెలు గొంతు సవరించుకున్నడు.

"గడప ఎవరిది పెడదాం?" అన్నడు.

"బాలనర్సయ్యది. ఆఖరిసారి చేసింది గోదాంలనే ఉన్నది."

నెలల రెండో ఆదివారం షూటింగులకు సెలవు. ఆ ఆదివారం పొద్దుగాల గల్లీ చివర్న దిగిన జనాన్ని చూస్తె పెద్ద సినిమానే షురువైంది అనుకుంటరు. రాజమహల్ సెట్టు స్తంభాలు రెండు వచ్చినయి. పోలీస్ స్టేషన్ సెట్టు కిటికీ ఒకటి వచ్చింది, ఊచలు తీసేసిన్రు. గోడలకు పెయింటర్లు సున్నం తెలుపు ఏసి, కింద ఎర్ర పట్టీ తీసిన్రు, గోదావరి దిక్కు ఇండ్లకు ఉన్నట్టు. జూనియర్ ఆర్టిస్టులు ముగ్గులేసిన్రు. ఎవడో ప్లాస్టిక్ మామిడాకుల తోరణం తెస్తె ఎల్లమ్మ లాగి అవతల పారేసింది. "నిజమైనయి తేపో! ఇక్కడ పండుకునేది నిజం మనిషి." ఓదెలు బాలనర్సయ్య గడపను దించి, అచ్చం ఆయన లెక్కనే పసుపు రాసి, బొట్టు పెట్టి, మొల కొట్టిండు. అప్పుడు మాత్రం ఎల్లమ్మ మొకం తిప్పుకున్నది.

నడుమల ఒక కానిస్టేబుల్ బండి మీద వచ్చిండు. కంప్లైంట్ ఇచ్చింది ఎవరో చెప్పే పని లేదు, మీద బాల్కనీల నిలవడే ఉన్నడు.

"ఏ సినిమా ఇది?" అని అడిగిండు కానిస్టేబుల్.

"చిన్న సినిమా సార్" అన్నడు తిరుమలేశ్.

"హీరోయిన్ ఎవరు?"

"జగదాంబ" అన్నది ఎల్లమ్మ.

"కొత్తపిల్లనా?"

"ఇన్నేండ్లకు మొదటి చాన్సు సార్" అని, దాపరికం లేకుంట ఉన్నదంత చెప్పింది. ఆయన హెల్మెట్ తీసి విన్నడు. ఆయనది సుత మధురానగర్ల కిరాయి ఇల్లేనట. బండ్లు పోయెటంత దారి ఇడువుండ్రి అని చెప్పి బండి మలిపిండు.

పొద్దు వాలకముందే అయిపోయింది. అబ్బ, ఏమున్నది ఆ మండపం! ముందట దర్వాజ, రెండు దిక్కుల అరుగులు, లోపట తెల్లటి గోడలు. ప్రొడక్షనోళ్లు జగదాంబను కుర్చీల కూసోవెట్టి ఊరేగింపు లెక్క తెచ్చిన్రు. గడప కాడ కుర్చీ దించుమన్నది. ఎల్లమ్మ భుజం పట్టుకొని, తన కాళ్లతోనే లోపలికి అడుగువెట్టింది. మంచం మీద ఒరిగింది. గోడలు చూసింది, కిటికీ చూసింది, కండ్లల్ల నీళ్లు తిరిగినయి. వెల్లకిల తిరిగి పండుకున్నది.

"ఎల్లమ్మా" అన్నది. "కప్పు ఏదే?"

అందరు తలకాయలు పైకెత్తిన్రు. ఉత్త ఆకాశం. దాంట్ల మబ్బు నల్లగ దిగుతున్నది.

తప్పు ఏందంటె, సెట్టుకు కప్పుండదు. పైనుంచి లైట్లు దిగాలె, కెమెరా దిగాలె. వీళ్ల జిందగీల గోడలు కట్టిన్రు, మెట్లు కట్టిన్రు, కోటలే కట్టిన్రు. కప్పేసే అలవాటు ఆ చేతులకు లేదు, వినాయకుని మండపానికి సుత పైన టెంటోళ్లే ఏస్తరు. ఇంతమంది పనోళ్లల్ల ఒక్కనికన్న యాదికి రాలే. ఓదెలు నెత్తి కొట్టుకున్నడు. బాల్కనీ మీది నుంచి వెంకటేశ్వరరావు గొంతు వినవడ్డది.

"అయ్యో ఎల్లమ్మా, కప్పు మర్చిపోయారే! ఇప్పుడు వానొస్తే ఎలా?"

ఎల్లమ్మకు ఆ వాన, ఆ ఫ్లెక్సీ, ఆ కాళ్ల మీద పడ్డ నీళ్లు అన్నీ కండ్ల ముందటికొచ్చినయి. ఒట్టు పెట్టి తెచ్చి మళ్ల వానల పండవెట్టిన అనుకున్నది. మొదటి చినుకు ఆమె ముక్కు మీదనే పడ్డది. గని ఆ మనిషి ఏడ్వలే. చీర కొంగు నడుముకు చెక్కింది.

"మర్చిపోయినం సార్! నువ్వు మాకు ఎన్నడన్న కప్పు ఇచ్చినవా, అది ఎట్లుంటదో తెల్వనీకి?" అని మీదికి చూసి కేకేసింది. గల్లీల నవ్వు లేసింది. ఓనర్ బాల్కనీ తలుపు ఏసుకున్నడు.

"అక్కా, ఒక్క నిమిషం ఆగు" అని ఉరికిండు తిరుమలేశ్. మూల మీద లైట్ల వ్యాను ఉన్నది. దాంట్లకెల్లి నలుగురు కలిసి స్కిమ్మర్ మోసుకొచ్చిన్రు. స్కిమ్మర్ అంటె ఇనుప చట్రానికి సాగదీసి కట్టిన పేద్ద తెల్లబట్ట. ఎర్రటెండల షూటింగ్ అయితె, హీరో హీరోయిన్ల నెత్తి మీద పట్టుకుంటరు, వాళ్లకు ఎండ తగలకుంట. దాన్ని నాలుగు గోడల మీద పరిసి, తాళ్లతోని బిగించి, వాన నుంచి లైట్లను కాపాడే టార్పాలిన్ దాని మీద కప్పిన్రు. పోరగాళ్లు కోతుల్లెక్క గోడలెక్కి ముడులేసిన్రు. ఆఖరు ముడి పడంగనే వాన దంచికొట్టింది.

లోపట ఒక్క చుక్క పడలే. తెల్లబట్ట కింద వెలుగు పాలపాలగ ఉన్నది. జగదాంబ దాన్నే చూసుకుంట పండుకున్నది.

"ఈ గుడ్డ నాకు బాగా తెలుసే" అన్నది. "వాళ్ళు దీని కింద నిలబడేవాళ్ళు. మేం దీని అంచు అవతల, నడినెత్తిన ఎండతో. ఒక్క అడుగు లోపలికి జరిగితే ఫ్రేములోకి వస్తున్నావని అరిచేవాళ్ళు. నలభై ఏళ్ళు పట్టిందే, ఇది నా నెత్తి మీదికి రావడానికి."

తిరుమలేశ్ అటు తిరిగి కండ్లు తుడుసుకున్నడు. ఎన్నిసార్లు ఆ చట్రం పట్టుకొని నిలవడ్డడో ఆయనకే ఎరుక.

జగదాంబ మళ్ల ఎల్లమ్మను పిలిచింది. "ఇల్లు బావుంది. నేను తర్వాత, ముందు నీ మొగుణ్ణి లోపలికి తీసుకురావే. ఆయన ఇంకా వానలోనే ఉన్నాడు."

ఎల్లమ్మ ఆ వానలనే గోదాంకు పోయింది. ఫోటోను కొంగు కింద పెట్టుకొని తెచ్చింది. బాలనర్సయ్య చేసిన గడప కాడ ఆగి, ఫోటోను రెండు చేతులతోని పట్టుకొని, కుడికాలు ముందల పెట్టి దాటింది. గోడకు తగిలించి, అప్పుడు ఏడ్చింది, నాలుగేండ్ల ఏడుపు. జగదాంబ మంచం మీదికెల్లి ఎంబడే ఏడ్చింది, గ్లిజరిన్ లేకుంటనే.

జగదాంబ రూముకు తిరిగి పోనన్నది. ఆ మండపంలనే ఉన్నది, మహారాణి లెక్క. జూనియర్ ఆర్టిస్టులు వరుసవెట్టి వచ్చి పోయిన్రు. పాత ముచ్చట్లు చెప్పుకున్నది, ఎవరెవరినో తిట్టింది, పెసరట్టు అడిగి తిన్నది. ఒక మధ్యాహ్నం, ముసురుల, ఎల్లమ్మ ఒళ్లె తలకాయ పెట్టుకొని పోయింది.

స్నానం గోడల నడుమ అయింది, పరదా ఏసి. పూలు వచ్చినయి. జనం అరుగుల మీద కూసున్నరు. అప్పుడు వచ్చిండు వెంకటేశ్వరరావు, చేతుల దండ, గొడుగు లేదు. గడప అవతల ఆగిపోయిండు. లోపట బాలనర్సయ్య ఫోటో ఎదురుంగ కనవడుతున్నది. వాన ఆయన బట్టతల మీద పడి మెడలకు కారుతున్నది. అందరు ఎల్లమ్మ దిక్కే చూస్తున్నరు. ఓదెలు మెల్లగ, "అక్కన్నే నిలవడని తియ్యి, తెలుస్తది" అన్నడు.

ఎల్లమ్మ లేసింది. దర్వాజ కాడికి వచ్చి నడుము మీద చేతులు పెట్టి నిలవడ్డది. ఆయన కండ్లల్లకే చూసింది.

"లోపటికి రా సార్. చెప్పులిడిసి రా. మా ఇంటికి వచ్చినోళ్లను మేము వానల నిలవెట్టం."

ఆయన చెప్పులిడిసిండు. గడప దాటెటప్పుడు కాలు తడవడ్డది, ఓదెలే చెయ్యి అందిచ్చిండు. దండ జగదాంబ మీద ఏసి, ఫోటో ముందట చానసేపు నిలవడ్డడు. ఏమన్నడో ఎవ్వరికి వినవడలే. ఎల్లమ్మ వినేతందుకు దగ్గరికి సుత పోలే.

వాన జర తగ్గినంక పాడె లేపిన్రు. ఎల్లమ్మనే ముందట నిప్పు పట్టింది, బిడ్డ లెక్క. జగదాంబ గడప దాటి పోయింది.

పదకొండు దినాలు ఆ మండపం అక్కన్నే ఉన్నది, ఎవ్వరు తియ్యుమనలే. పన్నెండో దినం ఓదెలు అలవాటుగ సుత్తె ఎత్తిండు. ఎల్లమ్మ ఆ చెయ్యి పట్టుకున్నది.

"పలగ్గొట్టుడు లేదన్నా. మొలలు గుంజుండ్రి. ఈసారి కప్పు సుత చేసి పెడదాం."